ఎడమ పక్కకు వచ్చి మాట్లాడే సారు

పొద్దున కుక్కర్ మూత పెడుతుండగా ఫోన్ మోగింది. మా పాత కాలేజీ అటెండరు. ఆయన్ను మేమంతా చాచా అని పిలుస్తాం. మామూలుగా ఫోన్ చేస్తే ముందు ఇంట్లో ఒక్కొక్కరి పేరూ పెట్టి బాగున్నారా అని అడుగుతాడు. ఆ రోజు ఏమీ అడగలేదు.

"మేడం, సార్ పోయిండు."

ఏ సార్ అని నేను అడగలేదు. మా ఇద్దరికీ సార్ అంటే ఒక్కరే, మా ప్రిన్సిపాల్ సార్.

"నిద్రల్నే పోయిండట. తక్లీఫ్ ఏం పడలేదట" అన్నాడు చాచా.  తర్వాత మెల్లగా అడిగాడు. "ఆ పిల్లకు చెప్పిన్రా మేడం?"

"లేదు చాచా."

"అయ్యో" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

నేను ఎవరికి ఏం చెప్పాల్సి ఉండిందో, పన్నెండేళ్ళు ఎందుకు చెప్పలేదో రాయకుండా సార్ గురించి రాస్తే అది అబద్ధం అవుతుంది. అందుకే ఈ స్మృతి నాకు కొంచెం కష్టమైన పని.

కోరుట్లలో ఊరి పెద్దలు కొందరు కలిసి పెట్టిన డిగ్రీ కాలేజీ మాది. జీతాలకు సర్కారు సాయం ఉండేది, మిగతా ఖర్చులకు పిల్లల ఫీజులు. సార్ ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చునేనాటికి రెండూ ఎండిపోయాయి. రిటైరైన లెక్చరర్ల జాగాలో కొత్తవాళ్ళను తీసుకోవడం ఆగిపోయింది. స్కాలర్‌షిప్పులు పిల్లలు కాలేజీ వదిలి వెళ్ళాక వచ్చేవి. ఆ రోజుల్లో నేను కెమిస్ట్రీ చెప్పడానికి కాంట్రాక్టు మీద చేరాను. చేరిన రోజు సార్ నాకు ఇచ్చిన సలహా ఒకటే.

"మేడం, పిల్లలు మన ఇబ్బంది చూడనీకి రాలే. సదువుకోనీకి వచ్చిన్రు. మన ఏడుపు స్టాఫ్ రూముల్నే ఏడుద్దాం."

ఆయన ఇంగ్లీషు చెప్పేవారు. పొలిటికల్ సైన్స్ చెప్పే ఆయన రిటైరై ఆ కుర్చీ ఖాళీగా ఉండిపోతే అదీ తన నెత్తిన వేసుకున్నారు. మొదటి రోజు పిల్లలతో, "నాకు గీ సబ్జెక్టు రాదు. మీకన్న ఒక్క పాఠం ముందుంట, గంతే. నేను ఎనుకబడితే మీరు చెప్పుండ్రి" అన్నారట. పిల్లలకు అది పట్టుదల అయిపోయింది. సార్ కంటే ముందు చదవాలని పోటీపడి చదివారు.

అటెండర్లు ఇద్దరే మిగిలారు. చాచా సెలవు పెట్టిన రోజు గంట సార్ కొట్టేవారు. మా గంట ఒక రైలుపట్టా ముక్క. చాచా కొడితే బస్టాండు దాకా వినిపించేది. సార్ కొడితే ఎవరో పక్కింటి తలుపు మర్యాదగా తట్టినట్టు ఉండేది. పిరియడ్ అయిపోయిందని ఎవరికీ తెలిసేది కాదు. ఆయనే మళ్ళీ వరండా వెంట నడుస్తూ ఒక్కో గది ముందూ ఆగి, "గంట అయింది, గంట అయింది" అని చెప్పుకుంటూ పోయేవారు.

పాత విద్యార్థులు పెళ్ళికి పిలిస్తే తప్పకుండా వెళ్ళేవారు. అక్షింతలు వేసి, ఫొటో దిగి, పెళ్ళికొడుకు చెవిలో "ఒక బెంచీ చేపియ్యి బిడ్డా" అనేవారు. అలా వచ్చిన బెంచీల వెనక ఆ దంపతుల పేర్లు పెయింటుతో రాయించేవారు. నా క్లాసులో ఆడపిల్లలు కూర్చోవడానికి కొట్లాడుకునేవారు. "మొన్న గుడ నువ్వే రమేశ్ కవిత మీద కూసున్నవ్, ఇయ్యాల మేం కూసుంటం" అని. ఆ మాట విని సార్ ఒకసారి కిటికీ అవతల నిలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

ఎండాకాలం వచ్చిందంటే అడ్మిషన్ల కోసం స్కూటర్ మీద ఊళ్ళు తిరిగేవారు. ఒక వైపు పెగడపల్లి, ఇంకో వైపు వీర్నపల్లి దాకా వెళ్ళొచ్చేవారు. ఒకసారి నేను, ఇంకో మేడం ఆటోలో ఆయన స్కూటర్ వెనక కథలాపూర్ పక్కన ఒక పల్లెకు వెళ్ళాం. ఆ ఇంటాయన అప్పుడే తాటిచెట్టు దిగి వచ్చి, నడుముకున్న మోకు విప్పుతున్నాడు. ఆయన బిడ్డ స్రవంతికి ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చాయి.

"మీ కాలేజీల చెప్పెటోళ్ళే లేరట గద సార్" అన్నాడు.

"ఉన్నోళ్ళం ఉన్నం" అన్నారు సార్. "పిల్లను పంపు. ఒక్క రోజన్న క్లాసు లేకుంట ఇంటికి వస్తే, ఆమెకు ఏ లోటన్న జరిగితే, సక్కగ నా మీదికి రా."

ఆయన సార్ మొహం కాసేపు చూసి సరేనన్నాడు. స్రవంతి మా బీఎస్సీలో చేరింది.

ఆ ఏడాదే యాజమాన్యం కమిటీ కాస్త సొమ్ము ఇచ్చింది. అది ఒక్క పనికే సరిపోతుంది. పాత బ్లాకులో తొమ్మిదో నంబరు గది పైకప్పు నీరు పీల్చి ఉబ్బిపోయింది, దాన్ని బాగు చేయించాలి. నా కెమిస్ట్రీ ల్యాబులో గ్యాసు లైను లేదు, సింకులు పగిలిపోయాయి, అదీ బాగు చేయించాలి. సార్ స్టాఫ్ అందరినీ కూర్చోబెట్టి అడిగారు. ఎవరూ మాట్లాడకపోతే నేను లేచాను.

"సార్, తనిఖీకి వచ్చినోళ్ళు ల్యాబు చూస్తరు. ల్యాబు లేకుంటే బీఎస్సీ తీసేస్తరు. బీఎస్సీ పోతే సగం కాలేజీ పోతది."

నేను చెప్పింది నిజమే. బీఎస్సీ పోతే ముందు ఊడేది నా కొలువే అన్నది కూడా నిజమే. ఆ రెండోది నేను చెప్పలేదు, అందరికీ తెలుసు.

సార్ చాలాసేపు బల్ల మీది కాగితం అంచును వేలితో మడుస్తూ, విప్పుతూ కూర్చున్నారు. చివరికి అన్నారు. "పైకప్పు ఇంకొక్క వానకాలం ఆగుతది. ల్యాబే చేద్దాం." ఆ సాయంత్రం మా అందరి ముందే తొమ్మిదో గదికి తాళం వేయించి, తాళంచెవి చాచా చేతికి ఇచ్చారు. "దీంట్ల ఎవ్వరు కూసోవద్దు" అన్నారు. ఆ గదిలో జరగాల్సిన క్లాసులు వరండాలోకి మారాయి.

వానాకాలం దాదాపు అయిపోయింది. పరీక్షలు దగ్గరపడ్డాయి. ఆ రోజు వరండాలో ఫస్టియర్ పిల్లలకు పాఠం చెబుతుంటే ఏటవాలు వాన మొదలైంది. నోటుబుక్కులు తడుస్తున్నాయి. పిల్లలు గోడకు అతుక్కుని నిలబడ్డారు. ఇంకా సగం పాఠం ఉంది. నేను బోర్డు వైపు తిరిగి, రాసింది చెరిగిపోకుండా చున్నీ అడ్డం పెడుతూ అన్నాను.

"ఎవరన్న ఒకరు పోయి చాచా దగ్గర తొమ్మిదో గది తాళంచెవి తీసుకరాండ్రి. నేను తెమ్మన్ననని చెప్పుండ్రి. అర్ధగంటల అయిపోతది."

ఎవరో పరిగెత్తారు. తాళంచెవి వచ్చింది. లోపల కూర్చున్నాం. లోపల పొడిగా, వెచ్చగా ఉంది. మంచి పని చేశాననుకున్నాను కూడా. పావుగంట గడిచిందేమో. నేను బోర్డు మీద రాస్తుండగా వెనక బియ్యం బస్తా దించినట్టు ఒక చప్పుడైంది. అంతే. పెద్ద శబ్దం ఏమీ కాదు. తిరిగి చూస్తే గదంతా తెల్లటి దుమ్ము. ఆ దుమ్ములో పిల్లలు ఒక్కరూ అరవడం లేదు. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ నాకు అప్పుడప్పుడు వినిపిస్తుంది, అన్నం వడ్డిస్తున్నప్పుడో, బస్సు కోసం నిలబడ్డప్పుడో.

మొదటి బెంచీలో స్రవంతి కుడిచేత్తో చెవి పట్టుకుని ఉంది. వేళ్ళ మధ్య నుంచి నెత్తురు.

సార్ ఆటోలో ఆమె తల ఒళ్ళో పెట్టుకుని జగిత్యాల ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ప్రాణానికి ముప్పు లేదన్నారు. కుడిచెవి మాత్రం ఇక వినిపించదన్నారు.

మరునాడు స్రవంతి తండ్రి కాలేజీకి వచ్చాడు. మేమంతా ఆఫీసు ముందు వరండాలో ఉన్నాం. ఆయన ఎవరినీ చూడలేదు. నేరుగా వచ్చి సార్ కాలర్ పట్టుకున్నాడు.

"లోటు జరిగితే నా మీదికి రా అన్నవ్ గద. వచ్చిన. చెప్పు ఇప్పుడు. తాళమేసిన గదిల నా బిడ్డను ఎవడు కూసోపెట్టిండు?"

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నా పక్కన చాచా ఉన్నాడు. 'నేనే' అనాలి. రెండు అక్షరాల మాట. నోరు తెరిచాను.

సార్ నా వైపు చూడలేదు. కాలర్ పట్టుకున్న ఆ చేతి మీద తన చెయ్యి వేసి అన్నారు. "నేనే కూసోపెట్టిన. వాన పడుతున్నదని నేనే తాళం తీపిచ్చిన. తప్పు నాది."

నా నోరు మూసుకుంది. ఎవరూ మూయలేదు, దానంతట అదే మూసుకుంది.

విచారణకు వచ్చిన కమిటీ ముందూ ఆయన అదే చెప్పారు. సార్ చెబితేనే నేను తాళంచెవి తెప్పించానని పిల్లలూ అనుకున్నారు. పత్రికలో ఆయన ఫొటో వేసి కింద 'ప్రిన్సిపాల్ నిర్లక్ష్యం' అని రాశారు. యాజమాన్యం ఆయనకు మెమో ఇచ్చింది. కుర్చీ నుంచి దించలేదు. ఆ కుర్చీలో కూర్చుంటామన్నవాళ్ళు ఇంకెవరూ లేరు.

మెమో అందిన రోజు సార్ చాచాను పిలిచి తన బల్ల, కుర్చీ, బీరువా అన్నీ తొమ్మిదో గదిలోకి మార్పించారు. ఊడిపడిన పెచ్చు చోట ఇనుప చువ్వలు బయటపడి ఉన్నాయి. సరిగ్గా వాటి కింద కుర్చీ వేసుకున్నారు. కమిటీ పెద్దలు మాట్లాడడానికి వస్తే గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేవారు.

"లోపలికి రాండ్రి. ప్రిన్సిపాల్ ఆఫీసు గిదే ఇప్పుడు" అనేవారు సార్.

వాళ్ళు చెప్పులు కూడా విడవకుండా గుమ్మం బయటే నిలబడి మాట్లాడి పోయేవారు. ఎన్నేళ్ళుగానో దొరకని సొమ్ము నెల తిరక్కుండా దొరికింది. పాత బ్లాకు మొత్తం పైకప్పు కొత్తగా వేశారు. ఆ సంగతి ఇప్పటికీ కాలేజీలో గొప్పగా చెప్పుకుంటారు. సంతాప సభలో కూడా ముగ్గురు చెప్పారు. ఆ నెల రోజులూ ఆయన అక్కడ కూర్చున్నది ఎత్తుగడతో అని వాళ్ళ నమ్మకం. నేను రోజూ ఆ గది ముందు నుంచే ల్యాబుకు వెళ్ళేదాన్ని. ఆయన పని చేస్తూ చేస్తూ తలెత్తి ఆ చువ్వల వైపు చూడడం చూశాను. అది ఎత్తుగడ వేసిన మనిషి చూపు కాదు.

ఒక మధ్యాహ్నం తట్టుకోలేక లోపలికి వెళ్ళాను.

"సార్, నేను కమిటీకి చెప్తా. తాళం తీపిచ్చింది నేను."

"కూసోండ్రి మేడం." నేను కూర్చోలేదు. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "చెప్తే ఏమైతది? మీ నౌకరి పోతది. తాళంచెవి ఇచ్చినందుకు చాచా నౌకరి పోతది. ఆ పిల్లకు చెవి వస్తదా?"

"రాదు సార్. కని మీరు నా కోసం..."

"మీ కోసం అనుకోకుండ్రి" అన్నారు, మొదటిసారి కొంచెం కటువుగా. "నన్ను గంత మంచోణ్ణి చెయ్యకుండ్రి. మీరు తాళం తీపిచ్చిన్రు. ఒక వానకాలం ఆగుతది అన్నది ఎవరు? నేను. గా మాట నేను అనకుంటే తాళమే ఉండకపోవు. పోయి క్లాసు చెప్పుండ్రి. ఇగ గీ ముచ్చట తేవద్దు."

నేను బయటికి వచ్చాను. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నా గుండెలో దిగింది బాధ కాదు, తేలిక. పెద్దాయన వద్దన్నారు కదా అనే ఊరట. ఆ ఊరట మీదే పన్నెండేళ్ళు బతికాను.

రెండు నెలలకు స్రవంతి తిరిగి కాలేజీకి వచ్చింది. తండ్రి వద్దన్నా పట్టుబట్టి వచ్చిందట. ఆమె బెంచీకి కుడి కొసన కూర్చోవాలని, అప్పుడే అందరి మాటా ఎడమ చెవికి వినిపిస్తుందని సార్ మాకందరికీ చెప్పారు. ఆమెతో మాట్లాడాల్సి వస్తే ఆయన ఎటు నుంచి వస్తున్నా చుట్టూ తిరిగి ఆమె ఎడమ పక్కకు వచ్చి నిలబడి మాట్లాడేవారు. ఒకసారి ఇరుకు వరండాలో అలా తిరగడానికి జాగా లేక, మెట్లు దిగి, పూలకుండీలు దాటుకుని, అవతలి మెట్లు ఎక్కి వచ్చారు. అడిగింది మాత్రం, "టిఫిను తెచ్చుకున్నవా?" అని.

తర్వాత తర్వాత అది ఆయనకు అలవాటైపోయింది. ఎవరితో మాట్లాడినా ఎడమ పక్కకు వచ్చేవారు. కమిటీ అధ్యక్షుడితో, చాక్‌పీసులు అమ్మేవాడితో, ఇంట్లో భార్యతో కూడా. కొత్తవాళ్ళు ఇదేం మనిషి, మాట్లాడే ముందు చుట్టూ తిరుగుతాడేంది అనుకునేవారు. కొత్త గదిలోకి అడుగుపెడితే ముందు తలెత్తి పైకి చూసేవారు. పెళ్ళి మంటపంలో, డాక్టరు గదిలో, నేను కోరుట్లలో కట్టుకున్న ఇంట్లో కూడా. మా గృహప్రవేశం నాడు నలుగురూ గచ్చు మెచ్చుకుంటుంటే ఆయన ఒక్కో గదిలో పైకి చూస్తూ నిలబడ్డారు. "మంచిగ పోసిన్రు" అన్నారు చివరికి. ఆ ఒక్క మాటకు నాకు ఆ రోజు భోజనం దిగలేదు.

స్రవంతి డిగ్రీ పూర్తిచేసి, పెళ్ళయి సిరిసిల్ల వెళ్ళిపోయింది. నాకు సర్కారు కాలేజీలో రెగ్యులర్ ఉద్యోగం వచ్చి జగిత్యాల మారాను. సార్ రిటైరై జగిత్యాలలోనే ఇల్లు తీసుకున్నారు. నెలకో రెండు నెలలకో వెళ్ళి కలిసేదాన్ని. కాలేజీల సంగతి, పిల్లల సంగతి అడిగేవారు. "ఇప్పుడు మీ దగ్గర పోస్టులు నింపుతున్నరా? లేదు అనే మాట ఆఖరికి చెప్పాలె మేడం, ముందుగాల్నే చెప్తే పని ఆడ్నే సస్తది" అనేవారు. మేము ఎన్నో మాట్లాడుకునేవాళ్ళం. ఆ ఒక్కటి తప్ప.

పోయిన చలికాలం చాచా, నేను కలిసి చూడడానికి వెళ్ళాం. సార్ బాగా చిక్కిపోయారు. మంచం ఇంటి ముందు ఆరుబయట వేసి ఉంది. చలిలో ఎందుకని అడిగితే ఆయన భార్య పక్కకు పిలిచి చెప్పింది.

"ఇంట్ల పండుమంటే పండడమ్మా. పైన కప్పుంటే కన్ను మూతపడదట. రగ్గు కప్పుకోని గట్లనే సుక్కలు చూసుకుంట పంటడు. డాక్టర్లు తిట్టిన్రు, నేను తిట్టిన. వింటే గద."

నేను వెళ్ళి మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాను. చాచా ఆయన కాళ్ళు పడుతున్నాడు.  ఉన్నట్టుండి సార్ అడిగారు.

"మేడం, ఆ పిల్లకు చెప్పిన్రా ఎప్పుడన్న?"

"మీరే వద్దన్నరు గద సార్."

"అన్న." రగ్గు కింద చేతులు కదిలాయి. "కమిటీకి వద్దన్న. అది సరే. కని ఆ పిల్లకు తెల్వాలె గద. చెవి ఆమెది. ఏమైందో ఎట్లైందో తెలుసుకునేది ఆమె హక్కు. మనం ముగ్గురం కూసోని దాసుకునేది గాదు. నేను మీకు అడ్డం పడ్డ. అది తప్పు చేసిన్నేమో అనిపిస్తది మేడం. పైకప్పు ఆపినదాని కంటె పెద్ద తప్పు."

"చెప్తా సార్. ఈ నెలల్నే సిరిసిల్ల పోత."

"జల్ది పోండ్రి" అన్నారు.

ఆ నెల పరీక్షల డ్యూటీ పడింది. మరుసటి నెల మా అత్తమ్మకు కళ్ళ ఆపరేషన్. తర్వాత ఎండలు. రోజూ ఏదో ఒకటి ఉంటుంది, వెళ్ళకూడదనుకునేవాళ్ళకు. ఆ తర్వాతే చాచా ఫోన్.

అంత్యక్రియలకు వచ్చినవాళ్ళలో స్రవంతి కోసం వెతికాను. కనిపించలేదు. పదిరోజులకు కోరుట్ల కాలేజీలో సంతాప సభ పెట్టారు. ఫొటోకు దండ వేశారు. మైకు నా చేతికి ఇచ్చారు. ఆయన క్రమశిక్షణ గురించి, బెంచీల గురించి మాట్లాడాను. నవ్వించాను కూడా. కూర్చున్నాక వెనక వరుసలో చాచా నన్నే చూస్తున్నాడు. తప్పుపట్టే చూపు కాదు. ఆయన కూడా ఏమీ చెప్పలేదు కదా. ఇద్దరం ఒకరి కళ్ళలోకి ఒకరం చూసుకుని దించుకున్నాం. మర్నాడు పొద్దున నేను సిరిసిల్ల బస్సెక్కాను.

స్రవంతి ఒక ప్రైవేటు స్కూల్లో సైన్స్ చెబుతోంది. మధ్యాహ్నం అన్నం గంటకు వెళ్ళాను. నన్ను చూసి లేచి నిలబడింది. నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. రేకుల షెడ్డు కింద ఇద్దరం కూర్చున్నాం. నేను ఇక ఆగలేదు. నీళ్ళు కూడా తాగకుండా చెప్పేశాను. వాన, నోటుబుక్కులు, తాళంచెవి, సార్ అన్న అబద్ధం, నేను మూసుకున్న నోరు, అంతా.

ఆమె విని టిఫిను మూత పెట్టింది.

"నాకు ఎర్కనే మేడం. మీరు తాళంచెవి తెమ్మంటే ఉరికింది నేనే గద."

నేను ఆమె మొహం చూశాను.

"మీరు బోర్డు దిక్కు తిరిగి ఉన్నరు. ఎవరు పోయిన్రో మీరు చూడలే. చాచా ఇయ్యనన్నడు. మేడం తిడతరు అని నేనే బతిమిలాడి తెచ్చిన. దవాఖానల మెలుకువ వచ్చినంక సార్ తన మీద వేసుకున్నడని తెలిసింది. తాళం తెచ్చింది నేనని చెప్తే బాపు నన్ను సదువు మాన్పిస్తడని భయపడ్డ. ఊకున్న. సార్ చుట్టూ తిరిగి నా పక్కకు వచ్చినప్పుడల్లా చెప్పాల్ననిపించేది. నోట్లె దాక వచ్చేది."

"నా మీద కోపం లేదా స్రవంతీ?"

"ఉంది" అంది వెంటనే. "సార్ మీద ఎన్నడు లే. మీ మీద ఉండె. ఇప్పుడు గుడ ఉంది. నా పెండ్లికి సార్ వచ్చిండు. ఎండల, బస్సుల నిలబడి వచ్చిండు. మీరు రాలే. ఒక్కసారన్న వస్తరు, చెప్తరు అని మూడేండ్లు చూసిన మేడం. చెప్తే ఆ రోజే మర్చిపోదును."

 క్షమించమనే మాట అంత ఆలస్యంగా అడిగితే అది ఇంకో భారం ఆమె మీద పెట్టినట్టే.

బడి విడిచాక ఆమె, "బాపు మాతోనే ఉంటున్నడు. నడుము పట్టేసింది, చెట్లు ఎక్కుతలేడు. రాండ్రి, ఆయనకు గుడ చెప్పుదురు. నేను చెప్పేది నేను చెప్త" అంది. ఇద్దరం సందుల్లోంచి నడిచాం. మరమగ్గాల మోతలో నా మాట నాకే వినపడలేదు. ఆమె నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. అప్పుడు గమనించాను, నేను ఆమె కుడి పక్కన నడుస్తున్నాను. వెనక నుంచి చుట్టూ తిరిగి ఆమె ఎడమ పక్కకు వచ్చాను.

తండ్రి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నేను చెప్పాను. తర్వాత స్రవంతి చెప్పింది.  అయిపోయాక ఆయన తన కుడి అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. తాళ్ళ గరుకుకు కాయలు కాసిన చెయ్యి.

"నేను కాలర్ పట్టుకుంటే గా సార్ నా చెయ్యి మీద చెయ్యేసిండు" అన్నాడు. "విడిపిచ్చుకుంటడేమో అనుకున్న. విడిపిచ్చుకోలే. ఊకనే వేసి ఉంచిండు. ఆయనేందో చెప్తున్నడు, నాకు సమజ్ గాలే. పన్నెండేండ్ల సంది మనుసుల గదే. గా మనిషి నన్ను ఎందుకు పట్టుకున్నడు అని." నా వైపు తిరిగి అడిగాడు. "ఆయన ఇంటామె ఉన్నదా?"

"ఉన్నరు. జగిత్యాలల."

"ఒక్కసారి తోలుకపో బిడ్డా" అన్నాడు కూతురితో. "ఏం చెప్పాల్నో తెల్వదు. కని పోవాలె."

ఆమె తల ఊపింది. నా వైపు చూసి, "మేము పోతం మేడం. మీరు రాకుండ్రి ఆ రోజు" అంది. గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. మళ్ళీ రమ్మనలేదు. ఆమె అలా అనకపోవడం న్యాయమే. మా జగిత్యాల కాలేజీ పై అధికారులు, కోరుట్ల యాజమాన్యం ఇది చదివి ఏం చేసినా అదీ న్యాయమే అనుకుంటాను.

సాయంత్రం బస్సు కిక్కిరిసి ఉంది. నాకు కిటికీ పక్కన సీటు దొరికింది. వేములవాడలో కాలేజీ పిల్లలు గుంపుగా ఎక్కారు. ఒక అమ్మాయి నిలబడడానికి జాగా చూసుకుని, నన్ను అడగకుండానే తన సంచి నా ఒళ్ళో పెట్టి, పైన కడ్డీ పట్టుకుంది. పుస్తకాల బరువు. టిఫిను గిన్నె మూత వదులైందేమో, పప్పుచారు వాసన. దారి పొడవునా ఆమె స్నేహితురాలితో పరీక్షల గురించి మాట్లాడుతూనే ఉంది. నేను రెండు చేతులతో ఆ సంచిని పట్టుకుని కూర్చున్నాను.

చీకటి పడుతుండగా ఒక స్టేజీ దగ్గర ఆ అమ్మాయి జనంలోంచి తోసుకుని ముందు తలుపు గుండా దిగి, కిటికీ దగ్గరికి పరిగెత్తి వచ్చి చేతులు చాచింది. సంచి కిటికీలోంచి అందించాను. కండక్టరు విజిల్ వేశాడు. సంచి పట్టీ నా వేలికి చుట్టుకుని రాలేదు. బస్సు కదిలింది. ఆ అమ్మాయి సంచి వదలకుండా బస్సు పక్కనే నడిచింది, తర్వాత చిన్నగా ఉరికింది, నా మొహంలోకి చూస్తూ, "మేడం, ఇడ్వుండ్రి, ఇడ్వుండ్రి" అంటూ.